తల వంచని భక్తి

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో రూతమ్మలు, ఎస్తేరమ్మలు, శారమ్మలు, మరియమ్మలు ఊరూరా ఉంటారు. పూయా అనో రిస్పా అనో పిలుపు వినపడటం మాత్రం అరుదు. యూదులు తనఖ్ అని పిలుచుకునే హెబ్రీ లేఖనాలే క్రైస్తవుల పాత నిబంధనకు మూలం. వాటిలో కొందరు స్త్రీలకు ఏకంగా ఒక గ్రంథమే ఉంది. కొందరికి దక్కింది నాలుగైదు వాక్యాలే. ఆ నాలుగైదు వాక్యాల స్త్రీలను ఒకచోట చేర్చి చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భక్తి అంటే అణకువ అనీ, ఆడవారి భక్తి అంటే మరింత అణకువ అనీ మన సమాజంలో మతాలతో నిమిత్తం లేకుండా ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ స్త్రీల కథలు ఆ అభిప్రాయానికి సాక్ష్యం చెప్పవు. వీళ్ళలో కొందరు రాజాజ్ఞను ధిక్కరించారు, కొందరు చట్టాన్ని ప్రశ్నించారు, ఒకరు ప్రభుత్వం వేసిన శిక్ష పక్కనే నెలల తరబడి కాపలా కూర్చున్నారు. గ్రంథం వీళ్ళను తప్పుపట్టలేదు. పైగా వీళ్ళు చేసినదాన్నే దైవభక్తిగా లెక్కగట్టింది. దేవుడు న్యాయవంతుడని నిజంగా నమ్మినవాళ్ళు ఎదుట ఉన్న అధికారాన్ని ఆ న్యాయంతో కొలిచి చూస్తారన్నది ఈ కథలన్నిటి సారం.

చేతికి నెత్తురు అంటనివ్వని మంత్రసానులు

నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు వస్తారు. ఐగుప్తులో హెబ్రీయుల సంఖ్య పెరుగుతోందని ఫరో బెదిరాడు. పీతోము, రామెసేసు పట్టణాల నిర్మాణంలో వాళ్ళ చేత వెట్టిచాకిరీ చేయించాడు. దానితోనూ పని జరగక, కాన్పు సమయంలో మగబిడ్డ పుడితే చంపేయమని ఈ ఇద్దరినీ ఆదేశించాడు. వాళ్ళు చంపలేదు. ఎందుకని పిలిపించి అడిగితే, హెబ్రీ స్త్రీలు ఐగుప్తు స్త్రీల వంటివారు కారు, మేం వెళ్ళేలోపే వాళ్ళకు కాన్పు అయిపోతోందని జవాబిచ్చారు. గ్రంథం వీళ్ళ గురించి చెప్పిన కారణం ఒక్కటే, వాళ్ళకు దైవభయం ఉందని. ఇక్కడ క్రమాన్ని గమనించాలి. నరహత్య చేయవద్దన్న ఆజ్ఞ సీనాయి కొండ మీద వచ్చేది ఈ సంఘటన జరిగిన చాలా కాలానికి. అంటే ఈ ఇద్దరి చేతిలో చూసుకోవడానికి రాతపూర్వకమైన ధర్మశాస్త్రం లేదు, సలహా చెప్పే ప్రవక్త లేడు, వెనక నిలబడే సమూహం లేదు. పసిబిడ్డను చంపమనే ఆజ్ఞ దేవుడికి సమ్మతం కాదని తమంతట తాము తేల్చుకున్నారు. వీళ్ళు హెబ్రీయులా, ఐగుప్తీయులా అన్నది కూడా పాతకాలం నుంచీ చర్చలో ఉన్న విషయమే. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ వాళ్ళు ఐగుప్తు స్త్రీలని రాశాడు. అదే నిజమైతే వాళ్ళు కాపాడింది తమ జాతి బిడ్డలను కూడా కాదు.

అయితే వాళ్ళు రాజుతో అబద్ధమాడారు కదా, దాన్ని విశ్వాసం అనవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. ఇది చాలా పాత ప్రశ్న. అబద్ధం ఏ పరిస్థితిలోనూ తగదని వాదించిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఈ కథ దగ్గర ఆగి, దేవుడు మెచ్చింది వాళ్ళ కరుణనే తప్ప వాళ్ళ అబద్ధాన్ని కాదని విడదీసి చెప్పాడు. ఆ విభజన కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఆ గదిలో ఆ రోజు కరుణ నిలవాలంటే ఆ జవాబు తప్ప మరో దారి ఏముందో అగస్టీన్ చూపించలేదు. పైగా మోసం మొదలైంది ఎక్కడ? బహిరంగంగా చంపించకుండా, కాన్పులోనే బిడ్డ పోయినట్టు కనిపించేలా మంత్రసాని చేత చంపించాలనుకోవడం ఫరో వేసిన ఎత్తు. ఆ ఎత్తులో భాగం పంచుకోనివాళ్ళు హంతకుడికి వివరాలు అప్పగించలేదన్నది వాళ్ళ మీద పెద్ద నేరం కాజాలదు. వాళ్ళ ధిక్కారంతో అణచివేత ఆగలేదన్నదీ నిజమే. ఫరో ఆ తర్వాత మగబిడ్డలను నదిలో పారవేయమని ప్రజలందరికీ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞ నడుస్తున్న రోజుల్లోనే మోషే పుట్టాడు. వాళ్ళ విశ్వాసానికి ఫలితం మీద హామీ లేదు. తమ చేతులు ఆ పని చేయవన్నంత వరకే వాళ్ళ నిర్ణయం. గ్రంథకర్త ఆ ఫరో పేరు రాయలేదు, ఈ ఇద్దరి పేర్లూ రాశాడు.

చట్టాన్ని అడిగిన అయిదుగురు

సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో మనష్షే గోత్రానికి చెందిన సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్ష గుడారం ద్వారం దగ్గరకు వచ్చి మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడ్డారు. తండ్రి ఎడారిలో చనిపోయాడు, కొడుకులు లేరు. కనాను దేశంలో భూమి పంచబోయేది మగవారి లెక్కన. కొడుకులు లేనంత మాత్రాన తమ తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు చెరిగిపోవాలి, తండ్రి అన్నదమ్ములతో పాటు తమకూ భూమి ఇవ్వాలని అడిగారు. మోషే దగ్గర జవాబు లేదు. ఆ విషయాన్ని దేవుడి ముందు పెట్టాడు. ఆ అమ్మాయిలు చెప్పింది సరైనదేనని దేవుడు తీర్పునిచ్చినట్టు గ్రంథం చెబుతుంది. కొడుకు లేకపోతే ఆస్తి కూతురికి చెందాలన్నది అప్పటినుంచి ఇశ్రాయేలీయులందరికీ చట్టమయింది.

మోషే ధర్మశాస్త్రంలో ఇలా ఒక సందర్భం ఎదురై, మోషే దేవుడిని అడిగి, దానిమీద కొత్త నియమం వచ్చిన ఘట్టాలు నాలుగే. రెండు ఘట్టాల్లో ఒక నేరస్థుడికి ఏ శిక్ష వేయాలన్నదే ప్రశ్న. మిగిలిన రెండింటిలో మాత్రం జనమే ముందుకు వచ్చి తమకు అన్యాయం జరుగుతోందని అడిగారు. ఒకటి శవాన్ని తాకిన మైల వల్ల పస్కా పండుగకు దూరమైన కొందరు పురుషులది, రెండోది ఈ అక్కచెల్లెళ్ళది. రెండు చోట్లా అడిగింది ఒకటే, మేమెందుకు బయట ఉండాలని. రెండు చోట్లా జవాబు అడిగినవాళ్ళ పక్షానే వచ్చింది. ధర్మశాస్త్రం దైవదత్తమని నమ్మే సమాజంలో ఆ శాస్త్రంలో ఒక లోటు ఉందని చెప్పడానికి తెగువ కావాలి. కానీ శాస్త్రాన్ని తిరస్కరించిన తెగువ కాదిది. శాస్త్రం ఇచ్చినవాడు న్యాయం తప్పడన్న నమ్మకంలోంచి పుట్టినది. ఆ నమ్మకమే లేకపోతే గుడారం దాకా వచ్చే పనే లేదు.

ఈ కథను మరీ గొప్ప చేసి చెప్పడమూ సరికాదు. కొడుకు ఉంటే కూతురికి వాటా లేదన్న నియమం అలాగే ఉండిపోయింది. 36వ అధ్యాయంలో గోత్ర పెద్దలు వచ్చి, ఈ ఆడపిల్లలు వేరే గోత్రంవారిని పెళ్ళాడితే భూమి చేజారిపోతుందని ఫిర్యాదు చేశారు. దాంతో సొంత గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలన్న షరతు వచ్చి పడింది, వాళ్ళు బాబాయి, పెదనాన్నల కొడుకులను చేసుకున్నారు. చేతికిచ్చినదాన్ని సగం వెనక్కి తీసుకున్నట్టేనని విమర్శకులు అంటే కాదనలేం. అయినా కథ అక్కడ ముగియలేదు. మోషే చనిపోయాక, దేశం పంచే వేళ, యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో వీళ్ళు మళ్ళీ వచ్చారు. మాకిచ్చిన మాట ఉందని గుర్తుచేసి తమ భూమి తాము తీసుకున్నారు. చట్టం రాయించుకోవడం ఒక పోరాటం, అమలు చేయించుకోవడం మరో పోరాటమని వాళ్ళకు తెలుసు. 1910లో సమరయ తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల మీద ద్రాక్షారసం, నూనె లెక్కలు ఉన్నాయి. అవి క్రీ.పూ. 8వ శతాబ్దానివి. వాటిలో మనష్షే ప్రాంతంలోని భూభాగాల పేర్లుగా నోయా, హొగ్లా కనిపిస్తాయి. ఊళ్ళ పేర్లే ముందు ఉండి, వాటిని వివరించడానికే ఈ అక్కచెల్లెళ్ళ కథ పుట్టిందని కొందరు పండితుల వాదన. అదే నిజమనుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ భూమి మీద హక్కు ఎలా వచ్చిందని పిల్లలు అడిగితే, ఒక వీరుడి దండయాత్ర కథ చెప్పే వీలున్న ఆ సమాజం అయిదుగురు ఆడపిల్లల అర్జీ కథను ఎంచుకుంది. ఆ ఎంపిక చిన్నది కాదు.

రాజుకు కర్తవ్యం గుర్తుచేసిన తల్లి

రిస్పా సౌలు రాజు ఉపపత్ని. సమూయేలు రెండో గ్రంథంలో ఆమె పేరు మొదట వచ్చేది ఒక నిందలో భాగంగా. సౌలు పోయాక అతని సేనాపతి అబ్నేరు ఆమెతో సంబంధం పెట్టుకున్నాడని సౌలు కొడుకు ఇష్బోషెతు ఆరోపించాడు. మగవాళ్ళిద్దరూ ఆమె గురించి వాదులాడుకున్నారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. 21వ అధ్యాయంలో మళ్ళీ కనిపిస్తుంది. మూడేళ్ళు కరువు వచ్చింది. సౌలు గిబియోనీయులనే జాతివారిని చంపించిన పాపమే కారణమని తేలింది. పరిహారంగా సౌలు వంశంలో ఏడుగురిని ఇమ్మని గిబియోనీయులు అడిగితే అప్పటి రాజు దావీదు ఇచ్చేశాడు. వారిలో ఇద్దరు రిస్పా కొడుకులు, అయిదుగురు సౌలు కుమార్తె కన్న కొడుకులు. యవల కోత మొదలయ్యే రోజుల్లో వాళ్ళను కొండ మీద చంపి వేలాడదీశారు. రిస్పా బండ మీద గోనెపట్ట పరచుకుని, ఆ శవాల మీద వానపడే దాకా, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను దగ్గరకు రానీయకుండా కాచింది. ఆ దేశంలో యవల కోత ఏప్రిల్ ప్రాంతంలో, తొలివానలు మామూలుగా అక్టోబరు ప్రాంతంలో వస్తాయి. ఆ వాన అకాలంలో పడిందే అయితే తప్ప ఆమె అక్కడ గడిపింది వేసవి మొత్తం.

గ్రంథంలో ఆమె నోట ఒక్క మాట కూడా లేదు. అయినా ఆమె చేసినదాన్ని మౌన దుఃఖంగా మాత్రమే చూస్తే కథలో సగం పోతుంది. ద్వితీయోపదేశకాండంలో రెండు నియమాలున్నాయి. తండ్రుల పాపానికి కొడుకులను చంపకూడదన్నది ఒకటి, వేలాడదీసిన శవాన్ని రాత్రంతా ఉంచక ఆ రోజే పాతిపెట్టాలన్నది మరొకటి. దావీదు ప్రభుత్వం చేసిన ఈ పనిలో రెండూ గాలికి పోయాయి. రిస్పా చేసిన కాపలా ఆ రెండో నియమాన్ని రాజుకు కళ్ళెదుట నిలబెట్టడమే. ఆ సంగతి దావీదు చెవిన పడింది. అతను యాబేష్గిలాదు నుంచి సౌలు, అతని కొడుకు యోనాతానుల ఎముకలు తెప్పించి, వేలాడినవాళ్ళ ఎముకలూ సేకరించి, సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టించాడు. ఆ తర్వాతే దేశం కోసం చేసిన ప్రార్థనను దేవుడు ఆలకించాడని గ్రంథం చెబుతుంది. ఈ చివరి మాటను పైపైన చదివి వదలకూడదు. దేవుడు ప్రార్థన విన్నట్టు గ్రంథకర్త రాసింది ఏడుగురిని చంపిన వెంటనే కాదు, వారిని గౌరవంగా పాతిపెట్టాక. కొడుకుల ప్రాణాలు ఆమె కాపాడుకోలేకపోయింది. కానీ కరువుకు మందు రక్తం కాదని రాజ్యం తెలుసుకోవడానికి కారణం ఆమే.

రిస్పా పనిని మాటల్లో చేసిన మరో స్త్రీ ఆ ముందు అధ్యాయంలోనే ఉంది. ఆమెకు పేరు కూడా లేదు. తిరుగుబాటు చేసిన షెబ అనేవాణ్ణి తరుముకుంటూ వచ్చి సేనాపతి యోవాబు ఆబేలు పట్టణాన్ని ముట్టడించి గోడ కూలుస్తుంటే, ఒక బుద్ధిమంతురాలు గోడ మీంచి అతన్ని పిలిచి నిలదీసింది. దేవుడి సొత్తయిన ఊరిని ఎందుకు మింగేస్తున్నావని అడిగింది. ఊళ్ళో వాళ్ళను ఒప్పించి తిరుగుబాటుదారుడి తల ఇప్పించి ముట్టడి ఎత్తివేయించింది. ఒక తలతో ఊరిని కొనుక్కోవడం ధర్మమా అన్న చిక్కు అక్కడ ఉంది, దాన్ని గ్రంథం విప్పదు. సైన్యం ఎదుట మాట్లాడే హక్కు ఆమెకుందా అన్న సందేహం మాత్రం కథలో ఎవరికీ రాలేదు.

రాజును మనిషిగా పిలిచిన ప్రవక్త్రి

క్రీ.పూ. 622 ప్రాంతంలో, యోషీయా రాజు పాలన పద్దెనిమిదో ఏట, యెరూషలేము ఆలయం మరమ్మతుల్లో ఒక ధర్మశాస్త్ర గ్రంథం బయటపడింది. అది ద్వితీయోపదేశకాండానికి తొలిరూపమని ఆధునిక పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. చదివించుకుని విన్న రాజు బట్టలు చింపుకుని, దీని గురించి దేవుణ్ణి అడిగి రమ్మని ప్రధాన యాజకుడు హిల్కీయాను, శాస్త్రి షాఫానును, మరో ముగ్గురిని పంపాడు. ఆ కాలంలో ప్రవక్తలుగా యిర్మీయా ఉన్నాడు, జెఫన్యా ఉన్నాడు. రాజు పంపినవాళ్ళు మాత్రం వెళ్ళింది హుల్దా అనే ప్రవక్త్రి ఇంటికి. ఆమె భర్త షల్లూము కుటుంబం వస్త్రశాల చూసేది. ఆ గ్రంథంలో ఉన్నది నిజమేనని, దాన్ని మీరిన దేశం మీదికి కీడు వస్తుందని ఆమె చెప్పింది. ఒక గ్రంథం దైవవాక్యమా కాదా అని తేల్చమని హెబ్రీ చరిత్రలో మొట్టమొదట అడిగింది ఒక స్త్రీని. ఆమె తీర్పు మీదే యోషీయా మత సంస్కరణ నడిచింది.

జవాబు మొదలుపెడుతూ ఆమె రాజును రాజు అనలేదు, మిమ్మల్ని పంపిన మనిషి అంది. యూదు మతబోధకుల చర్చల సంకలనమైన తాల్ముదులో ఒక రబ్బీకి ఇది మింగుడుపడలేదు. స్త్రీకి ఇంత గర్వం తగదని వ్యాఖ్యానించాడు. యిర్మీయా ఉండగా ఆమె దగ్గరకు ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు, ఆడవాళ్ళది జాలిగుండె కాబట్టి అని ఒక జవాబు, యిర్మీయా ఊళ్ళో లేడని ఇంకో జవాబు అక్కడే ఉన్నాయి. ఆ జాలి వాదం గ్రంథం ముందు నిలవదు, ఎందుకంటే హుల్దా చెప్పినదాంట్లో మెత్తదనం లేదు. అదే తాల్ముదు ఆమెను ఏడుగురు ప్రవక్త్రులలో ఒకరిగా లెక్కించింది కూడా. రాజు ప్రశాంతంగా సమాధికి చేరతాడని ఆమె చెప్పిన మాట ఒక్కటి అనుకున్నట్టు జరగలేదు. క్రీ.పూ. 609లో అతను మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు చేతిలో చనిపోయాడు. యెరూషలేము పతనాన్ని చూడకుండానే పోయాడు కనుక మాట నెరవేరినట్టేనని కొందరు సమర్థిస్తారు. ఏమైనా, ఆ మాటను దిద్దకుండా ఉంచిన సంకలనకర్తల నిజాయితీ మెచ్చదగింది.

మరి తిరుగుబాటుకూ విశ్వాసానికీ తేడా?

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. అధికారాన్ని ప్రశ్నించడమే విశ్వాసమైతే ప్రతి తిరుగుబాటుదారుడూ తనను విశ్వాసి అనుకోవచ్చు కదా? అదే సంఖ్యాకాండంలో కోరహు కూడా మోషేను ప్రశ్నించాడు, అతన్ని భూమి మింగేసినట్టు కథ. దీనికి జవాబు సెలోపెహాదు కుమార్తెల మాటల్లోనే దొరుకుతుంది. తమ తండ్రి కోరహు గుంపులో చేరినవాడు కాదని వాళ్ళు పనిగట్టుకుని చెప్పుకున్నారు. కోరహు అడిగింది యాజకత్వం, అంటే పదవి. వాళ్ళు అడిగింది అందరికీ వర్తించే న్యాయంలో తమ వాటా. మిగిలినవాళ్ళ కథల్లోనూ కొలత ఇదే. మంత్రసానులు ప్రాణాలు నిలిపారు, రిస్పా చనిపోయినవారి గౌరవం నిలిపింది, హుల్దా మెప్పు ఆశించకుండా చేదు నిజం చెప్పింది. ఎవరూ తమ గద్దె కోసం నిలబడలేదు.

ఇదంతా ఇప్పటి స్త్రీవాదాన్ని పాత గ్రంథానికి తొడగడమేనని అనేవాళ్ళున్నారు. ఆ గ్రంథంలోనే యెఫ్తా కూతురు తండ్రి మొక్కుబడికి బలైంది. న్యాయాధిపతుల గ్రంథంలో లేవీయుడి ఉపపత్నికి జరిగినది చదవడానికే భయం వేస్తుంది. ఆ లేఖనాలు స్త్రీపురుష సమానత్వాన్ని ప్రకటిస్తున్నాయని ఎవరైనా అంటే అది అబద్ధమే. ఇక్కడి వాదన అంత పెద్దది కాదు. దేవుణ్ణి నమ్మి ప్రశ్నించే సంప్రదాయం ఆ గ్రంథంలో ముందునుంచీ ఉంది. నీతిమంతులు దుష్టులతో కలిసి చావడం న్యాయమా అని సొదొమ కోసం అబ్రాహాము వాదించాడు, బంగారు దూడ తర్వాత జనం కోసం మోషే వాదించాడు, తన బాధ మీద యోబు వాదించాడు. ఆ వరసలో మగవాళ్ళను మాత్రమే తలుచుకుంటూ వచ్చాం. మంత్రసానులు, అక్కచెల్లెళ్ళు, ఉపపత్ని, ప్రవక్త్రి కూడా అందులోనే నిలబడ్డారని ఒప్పుకోవడానికి ఏ వాదాన్నీ బయటనుంచి తెచ్చుకోనక్కర్లేదు, ఉన్నది చదివితే చాలు. సంఖ్యాకాండం 27, సమూయేలు రెండో గ్రంథం 21 అధ్యాయాలు రెండూ కలిపి అరగంట చదువు. ఇంట్లోనో గుడిలోనో ప్రశ్న అడిగిన ఆడపిల్లకు భక్తి తక్కువని ముద్ర వేసేముందు ఆ అరగంట కేటాయించండి. అక్కడ తీర్పు అడిగినవాళ్ళ పక్షానే వచ్చింది.